వేన్నీళ్ళ పల్లంరాజుగారు

పల్లంరాజుగారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. తన లాడ్జీలో ఎవరు గది తీసుకున్నా, వాళ్ళకంటే ముందు ఆ గదిలో ఆయన స్నానం చెయ్యాలి.

తెల్లారేసరికి గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో తలుపులు టకటకా కొట్టుకుంటూ బయల్దేరేవారు.

“ఏవండీ, లేచారా? ఒక్క చెంబు పోసుకుని వెళ్ళిపోతానండి!”

బియ్యం బేరానికి మండపేట వచ్చిన షావుకారు కళ్ళు నులుముకుంటూ తలుపు తీసి, “తమరెవరండీ?” అనేలోపే రాజుగారు బాత్రూంలో కూనిరాగం అందుకునేవారు. “మీ నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయండి, నిశ్చింతగా చేసుకోండి!” అని భరోసా ఇచ్చి పక్క తలుపు కొట్టేవారు. ఆడవాళ్ళున్న గదులైతే గుమ్మం దాటేవారు కాదు. “అమ్మా, ఒక్క చెంబుడు నీళ్ళు ఇలా ఇప్పించండి” అని అందుకుని వరండాలోనే నెత్తిన గుమ్మరించుకునేవారు. టిఫిను వేళకి ఆయన వేళ్ళు నానబోసిన మినపప్పులా ఉబ్బిపోయేవి. ఊళ్ళో అంత శుభ్రమైన మనిషి ఇంకొకరు లేరని ఆయనంటే పడనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు.

“మనింట్లో బాత్రూం ఎందుకు కట్టించారో మరి! ఖాళీగా ఉందని అందులో కొబ్బరికాయలు పోయిస్తున్నాను” అనేవారు ఆయన భార్య మాణిక్యాంబగారు.

లాడ్జీ వెనకాల ఒక బాయిలరు ఉండేది. మిల్లుల్లోంచి తెచ్చిన ఊక మండించి, నీళ్ళు కాచి, గొట్టాల్లో గదులన్నిటికీ పంపించే ఏర్పాటు. వేడి మాత్రం అందరికీ సమంగా అందేది కాదు. బాయిలరు పక్క గదిలో కోడి ఈకలు ఊడిపోయేంత మరుగు. మేడ మీద చివరి గదిలో కాలవలోకి దూకినంత చలి. అలాంటప్పుడల్లా ప్లంబరు లాజరుకి కబురు వెళ్ళేది.

ఆ డిసెంబరులో ఓ తెల్లవారుజామున లాజరు కాఫీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళాడో లేదో, పిలుపొచ్చింది. వెళ్ళేసరికి రాజుగారు తడి తువ్వాల్లో గజగజలాడుతున్నారు.

“లాజరూ, చివరి గదిలో వణికి చచ్చానయ్యా!”

“మీరు స్నానం మానేస్తే వణుకు ఉండదు కదండీ.”

“నేను వణక్కపోతే, అందులో దిగినాయన వణుకుతాడని ఎలా తెలుస్తుందయ్యా? రేపు పెళ్ళివారు లాడ్జీ మొత్తం దిగుతున్నారు. నీళ్ళు చల్లగా వస్తే ఎదురు లాడ్జీకి పోతామన్నారు!”

లాజరు మేడెక్కి గొట్టం చివరి నట్టు వదులు చేశాడు. లోపల పట్టేసిన గాలి బుస్సుమంటూ బయటపడింది. కిందికొచ్చి, వేడంతా దగ్గర గదులే లాగేసుకోకుండా వాటి వాల్వులు కాస్త కాస్త బిగించాడు. రాజుగారు మళ్ళీ గది గదికీ వెళ్ళి స్నానాలు చేశారు.

“చివరి గదిలో ఇంకా గోరువెచ్చనే!” అని మేడ మీంచి కేకేశారు.

బాయిలరు భగభగమంటోంది. మరి వేడంతా ఎటు పోతున్నట్టు? లాజరు గొట్టాలు తడుముకుంటూ బాయిలరు వెనక్కి వెళ్ళాడు. అక్కడ భూమిలోకి దిగిపోయిన గొట్టం ఒకటి చెయ్యి కాల్చింది.

“రాజుగారూ, ఈ గొట్టం నేను వెయ్యలేదండి!”

ముఖాన సబ్బు నురగతోనే రాజుగారు పరుగెత్తుకొచ్చారు. “ఏ గొట్టమయ్యా?”

“వేడిగా ఉందండి.”

“ఎండకి కాగిందేమో.”

“సూర్యుడింకా రాలేదండి.”

“అయితే వదిలెయ్! అటు వెళ్ళకు, పాములుంటాయి!”

పాముల మాటతో లాజరుకి అనుమానం గట్టిపడింది. ప్రహరీ చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళాడు. సందులో తాటాకు దడి. దడి పైనుంచి పొగలు పొగలుగా లేస్తున్న ఆవిరి, లోపల ఆడవాళ్ళ నవ్వులు. దడి బయటే ఆగిపోయాడు లాజరు. రాజుగారు రొప్పుతూ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు.

“మిల్లులో రాత్రి పని దిగినవాళ్ళయ్యా. ఒళ్ళంతా తవుడు దుమ్ము, దురద. ఈ చలిలో కాలవలో మునిగేవారు. చూడలేక...”

“నాతో చెప్పకూడదాండీ?”

“చెబితే ఊరంతా పాకుతుంది. మా వేన్నీళ్ళు సందులోకి పోతున్నాయా అని గదులవాళ్ళు గొడవకొస్తారు. అందుకే వాళ్ళకేమైనా తక్కువైందేమోనని రోజూ నేనే పోసుకు చూస్తున్నా.”

లాజరుకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే వెళ్ళి ఆ గొట్టానికీ ఒక వాల్వు బిగించాడు. అన్నిటినీ మళ్ళీ కొంచెం కొంచెం తిప్పి సరిచేశాడు. మేడ మీద చివరి గదిలో నీళ్ళు పొగలు కక్కాయి. ఇక సందులో కుళాయి ఎలా వస్తోందో చూద్దామని ఇద్దరూ వచ్చేసరికి, తల తుడుచుకుంటూ సూరమ్మ దడిలోంచి బయటికొచ్చింది.

“ఏంటండీ, ఆడోళ్ళు తానాలు చేసేకాడ మగోళ్ళకేం పని?”

“కుళాయి బాగా వస్తోందా లేదా అని, అమ్మా...” అని నసిగారు రాజుగారు.

“మున్సిపాలిటీ కుళాయి సంగతి మీకెందుకండీ? పున్నెం కట్టుకుని ఆళ్ళు వేన్నీళ్ళ కుళాయి ఏయించారు, మారాజులు! మీరూ ఉన్నారు, ఇంత లాడ్జీ కట్టారు. గోడవతల ఉన్నోళ్ళకి ఏనాడైనా చెంబుడు నీళ్ళిచ్చారా?”

లాజరు నోరు తెరవబోయాడు. రాజుగారు అతని కాలు గట్టిగా తొక్కారు.

“నిజమేనమ్మా. మాకంత బుద్ధెక్కడిది?”

“ఇకనైనా ఆళ్ళని చూసి నేర్చుకోండి!” అని కొప్పు ముడేసుకుంటూ వెళ్ళిపోయింది సూరమ్మ.

రాజుగారి ముఖం చేటంతయింది.

“విన్నావా లాజరూ,” అన్నారు సంబరంగా, “మున్సిపాలిటీవాళ్ళు ఎంత మంచివాళ్ళో!”