అమ్మ మానేసిన ఆకుకూర

నా పరిశోధనంతా మేక కార్జంతోనే గడిచింది. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఐసు డబ్బా పట్టుకుని కర్నూలు పాతబస్తీలో ఒక మటన్ అంగడికి వెళ్ళేదాన్ని. అంగడి భాయ్‌కి నన్ను ఆటపట్టించడం అలవాటు. "ఏమ్మా, ఈ వారమన్నా కూర వండుకుంటావా, ఇది గూడా మిషన్లోకేనా?" అనేవాడు. మిషన్లోకే. కార్జాన్ని ముక్కలు చేసి, మెత్తగా రుబ్బి, మిషన్లో గిర్రున తిప్పి, అందులోంచి ఒక ఎంజైమును వేరు చెయ్యడం నా పని.

ఆ ఎంజైము సంగతి పెద్ద కష్టమైనదేమీ కాదు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. అది కార్జానికి చేరి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్ల తయారీకి సాయం చేస్తుంది. ఒకసారి పని చేశాక డస్సిపోతుంది. డస్సిపోయినదాన్ని మళ్ళీ పనికి లేపేది ఈ ఎంజైము. రక్తం పలచబడడానికి డాక్టర్లు ఇచ్చే మాత్ర సరిగ్గా ఈ ఎంజైమునే ఆపుతుంది. మాత్ర ఒక పక్కకు లాగితే, ఆకుకూర ఇంకో పక్కకు లాగుతుంది. కాలేజీ పిల్లలకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నాకు చాలా తెలుసనుకునేదాన్ని.

ఆ మాత్ర మా అమ్మ వేసుకునేది. చిన్నప్పుడెప్పుడో కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం చెడిపోయింది. ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. లోహం మీద రక్తం గడ్డకడితే పక్షవాతమన్నా వస్తుంది, ప్రాణమన్నా పోతుంది. అందుకని బతికినన్నాళ్ళూ మాత్ర వెయ్యాలి. మరీ పలచబడితే లోపల ఎక్కడైనా రక్తం కారిపోతుంది. నెలనెలా రక్తపరీక్ష చేయించి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండేట్టు చూసుకోవాలి. అమ్మ బతుకు ఆ సందులోనే ఉందని నాకు బాగా తెలుసు.

అమ్మ పత్తికొండ దగ్గర మా ఊళ్ళో టమాటా తోటల్లో కూలికి పోయేది. ఆపరేషన్ తర్వాత బరువులు ఎత్తొద్దంటే కలుపుకు మాత్రం పోయేది. బోరు నీళ్ళు పారే సాళ్ళలో చెంచలాకు, గంగవాయిలాకు, తోటకూర వాటంతటవే మొలుస్తాయి. కలుపు తీసే ఆడవాళ్ళు గడ్డిని గట్టున పడేసి, ఆకును ఒళ్ళో కట్టుకుని ఇంటికొస్తారు. ఆ పూట పప్పుగుత్తితో ఎనిపిన ఆకు, సంగటి. నేను పెరిగింది ఆ తిండితోనే.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు. "ఆకుకూర మానాల్సిన పని లేదు. రోజూ ఒకే తీరుగా తినండి, దానికి తగ్గట్టు మాత్ర సరిచేస్తాం." నేను మర్యాదకు తలూపాను. ఒకే తీరుగా అంటే ఎవరు కొలుస్తారు? అసలుకే మానేస్తే గొడవే ఉండదు కదా అనుకున్నాను. బయటికి రాగానే అమ్మకు గట్టిగా చెప్పాను. "ఇంక ఆకు ముట్టుకోవద్దు. అది నీకు విషం." అమ్మ నా మొహం చూసి, "సరే పాపా" అంది.

తర్వాత నెలల్లో అంకె తక్కువే వస్తుండేది. డాక్టరు అమ్మనే అడిగాడు, ఆకుకూరలు తింటున్నావా అని. అమ్మ నోరు తెరిచేలోపల నేనే అందుకున్నాను. "లేదు సార్. నేను ఈ సబ్జెక్టులోనే పని చేస్తున్నాను. పూర్తిగా మాన్పించాను." అమ్మ తల వంచుకుని చెప్పులకేసి చూస్తోంది. డాక్టరు మాత్ర కొంచెం పెంచాడు, పైనెల మరికొంచెం పెంచాడు. అంకె దారికొచ్చి, అక్కడే కుదురుగా నిలబడిపోయింది. నా గొప్ప చూడాల్సింది అప్పుడు. ల్యాబులో అందరికీ చెప్పుకున్నాను.

కర్నూలు పక్కనే కల్లూరులో నేనుండే గది నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. ఏం తిన్నావని అడిగితే, "పప్పు, సంగటి" అనేది. ఆకు తిన్నావా అంటే, "ల్యా పాపా" అనేది. మాకు ప్రేమ మాటలు పెద్దగా రావు, ఈ ప్రశ్నలతోనే కానిచ్చుకునేవాళ్ళం.

ఆ ఏడు శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ మా చర్చిలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి మానుకుంటారు. ఒకరు మాంసం, ఒకరు టీ, ఒకరు పగటి తిండి. "నీకు మానడానికి ఇంకేం మిగిలింది లే మా" అని ఎగతాళి చేశాను. అమ్మ నవ్వి మాట మార్చింది.

ఆ నెల పరీక్షకు అమ్మ రావాలి. నాకు థీసిస్ ఇచ్చే గడువు దగ్గర పడింది. అంకె ఎటూ కదలడం లేదు కదా, ఎండలో బస్సెక్కి రావడమెందుకు, వచ్చే నెల చూద్దాంలే అన్నాను. ఇది మాత్రం నేనెప్పటికీ మరిచిపోలేను.

నాలుగో వారంలో అమ్మ ఫోన్లో, "పండ్లు తోముకుంటాంటే రవ్వంత రక్తం వస్తాండాది పాపా" అంది. నేను లోకమంతా తెలిసినదానిలా అడిగాను. "మాత్ర ఏమన్నా రెండుసార్లు వేసుకున్నావా?"

"ల్యా."

"ఆకు తింటున్నావా?"

"ల్యా పాపా, ముట్టుకోల్యా."

అయితే ఏమీ మారలేదన్నమాట. పుల్లతో గట్టిగా తోమొద్దు, మెత్తటి బ్రష్షు కొనుక్కో అని చెప్పి, మళ్ళీ టైపు చేసుకోవడానికి కూర్చున్నాను.

ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు అమ్మ చర్చి నుంచి వచ్చి, తల పగిలిపోతోందని పడుకుందట. పక్కింటి అత్త పిలిస్తే పలకలేదు. కర్నూలు తెచ్చేసరికి తలలో రక్తం నిండిపోయింది. పరీక్షలో అంకె ఎనిమిది దాటింది. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ పోయింది. నేను పక్కనే ఉన్నాను, నా చేతిలో చెయ్యి ఉంది, అయినా చేసిందేమీ లేదు.

ఎనిమిది ఎందుకు దాటిందో నాకు అంతుపట్టలేదు. ఊరికి పోయి మాత్రల అట్టలు తీసి చూశాను. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. వేరే మందేదన్నా వాడిందేమోనని ఇల్లంతా వెతికాను. పాఠంలో ఎక్కడ తప్పు పోయిందా అని చూసుకుంటున్నాను, అమ్మ పోయి వారమైనా కాలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

అప్పుడే పక్కింటి అత్త వచ్చింది. అమ్మతో పాతికేళ్ళు ఒకే సాలులో కలుపు తీసిన మనిషి. గడప దగ్గరే కూలబడింది.

"నీకొక మాట చెప్పల్ల పాపా. నన్ను తిట్టొద్దు. మీ అమ్మ ఆకు తింటాండ్య. దినామూ తింటాండ్య. నేనే తెచ్చి ఇస్తాంటి. పాపకు చెప్పొద్దు, కోప్పడతాది అనేది."

నేను చేతిలో మాత్రల అట్టలు కింద పెట్టాను.

"బిడ్డకు అబద్ధం చెప్తాండా, దేవుని ముందర ఎట్ల నిలబడేది అని శానా బాధపడేది. ఈ శ్రమల దినాల్లో నిజంగానే మానేసింది. నలభై దినాలు పాప మాట నిలబెడతా అనింది. ఒక్క ఆకు ముట్టుకోలే. అంతకుముందు తిన్నదే లోపల విషమై పాయనేమో పాపా. నా చేతులతో నేనే ఇస్తి."

ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. అమ్మ తినే ఆకుకు సరిపడేట్టే డాక్టరు మాత్ర పెంచుకుంటూ పోయాడు. ఆకు ఆగింది, పెంచిన మాత్ర మాత్రం ఆగలేదు, రక్తం మరీ పలచబడిపోయింది. మానేశానని చెప్పాలంటే, అంతవరకూ తిన్నానని నాకు చెప్పాలి. నాకు భయపడి అమ్మ అది చెప్పలేకపోయింది. పండ్ల నుంచి రక్తం వస్తోందన్న రోజు ముట్టుకోలేదని చెప్పింది నిజమే. అంతకుముందు చెప్పిన అబద్ధమూ అదే గొంతుతో చెప్పింది కాబట్టి నాకు తేడా తెలియలేదు.

అత్త కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. నేను నోరు మూసుకుంటే చాలు. ఊరు, చర్చి, మా బంధువులు అందరూ ఆకునే తప్పు పడతారు. నన్నెవరూ ఏమీ అనరు. చదువుకున్న బిడ్డ ముందే చెప్పింది, ఆమె వినలేదు అంటారు. ఒప్పుకుంటున్నాను, అలాగే వదిలేద్దామనిపించింది.

తర్వాత అత్త పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నాను. "ఆకు వల్ల కాదత్తా. నువ్విచ్చిన ఆకు తిన్నన్నాళ్ళూ అమ్మ బాగుండింది."

ఆమె కొంగు తీసి నాకేసి చూసింది. "మరి ఎందుకు పాయ పాపా?"

"నేను మానమన్నాను. మానేసింది," అన్నాను.