క్యారియర్ మీద చోటు

రామతీర్థం రోడ్డు మీద ఒక శనివారం సాయంత్రం మా బావ నన్ను దాటిపోయాడు. సైకిల్ మీద అతను నన్ను దాటడం అదే మొదటిసారి. ఎదురుగాలిలో సీటు మీంచి లేచి తొక్కుతున్నాను. వెనక క్యారియర్ మీద హార్మోనియం పెట్టె ఊగుతోంది. పక్కన చప్పుడు లేకుండా ఏదో వచ్చింది. చూస్తే బావ. వెన్ను నిటారుగా పెట్టుకుని, పెడల్స్ మీద కాళ్ళు ఊరికే ఆనించి, పెళ్ళికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు.

"ఏటి బావా, ఇంకా తొక్కుతన్నావా?" అని, నా జవాబు వినకుండానే ముందుకు పోయాడు.

అది కంపెనీలోనే తయారై వచ్చిన బ్యాటరీ సైకిలు. విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాడు. కొనేముందు నాతో ఒక్క మాట అనలేదు.

బావ మా మేనత్త కొడుకు. ఇద్దరిదీ నెల్లిమర్లే, ఇంచుమించు ఒకే వయసు. చిన్నప్పుడు ఒకే మేష్టారి దగ్గర హార్మోనియం నేర్చుకున్నాం. తప్పు వాయిస్తే ఆయన వేళ్ళ మీద కొట్టేవారు. ఎక్కువ దెబ్బలు నా వేళ్ళకే పడేవి.

ప్రతి శనివారం రామతీర్థంలో కొండ కింద మా గోష్ఠి భజన చేస్తుంది. హార్మోనియం గోష్ఠి అందరిదీ. కానీ పెద్దల నాటి పద్ధతి ఒకటి ఉంది. పెట్టెను ఇంట్లో ఉంచుకుని, వారం వారం మోసుకొచ్చినవాడే దాని ముందు కూర్చోవాలి. ఆటోలో వేసి తేకూడదు, ఇంకొకరి చేత మోయించకూడదు. ఒళ్ళు అలవనిదే అది సేవ కాదని వాళ్ళ లెక్క. బావకు నడుం నొప్పి. పెట్టె కట్టుకుని అంత దూరం తొక్కలేడు. అందుకే ఇన్నేళ్ళూ ఆ చోటు నాది. అతను నాకంటే బాగా వాయిస్తాడు. అది గోష్ఠిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ రోజు భజన అయ్యాక అందరూ బావ సైకిల్ చుట్టూ మూగారు. బావ నవ్వుతూ గోష్ఠిలో పెద్దాయన్ని అడిగాడు.

"మావా, ఈ బండి మీద పెట్టి తెస్తే సేవ కిందకొస్తాదా, రాదా?"

పెద్దాయన బండిని అటూ ఇటూ చూసి, "పెడలుంది గదా. సైకిలే" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వస్తుంటే మాత్రం నోరంతా చేదుగా ఉంది.

నేను సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైనవాణ్ణి. దేన్నైనా కొలిచి, రాసి చూసుకుంటే గాని నిర్ణయానికి రాను. డైరీలో పేజీ మధ్యగా గీత గీశాను. ఎడమవైపు కిట్, అంటే మన పాత సైకిల్‌కే మోటారు చక్రం, బ్యాటరీ బిగించుకోవడం. కుడివైపు తయారుగా వచ్చే బండి. కుడివైపు చాలా మంచి విషయాలు చేరాయి. మోటారు, బ్రేకులు, బ్యాటరీ ఒకదానికొకటి కుదిరి వస్తాయి. ఏది పాడైనా ఒకే కంపెనీని అడగవచ్చు. పాత సైకిల్ బ్రేకులు మోటారు వేగాన్ని ఆపగలవా అన్న బెంగ ఉండదు. ఎడమవైపు గట్టిగా ఉన్న మాట ఒక్కటే. నా సైకిల్‌కి హార్మోనియం కొలతకు తగ్గట్టు ఇనుప క్యారియర్ చేయించి ఉంది. కంపెనీ బండ్ల క్యారియర్లు సన్నవి.

ఇంకో మాట డైరీలో రాయలేదు. బావ కొన్నదే నేనూ కొంటే, అతని వెనకాల నడిచినవాణ్ణవుతాను.

మా ఆవిడ కాఫీ ఇస్తూ పేజీలోకి తొంగి చూసింది. "అన్నయ్య బండెక్కి ఓసారి తిరిగి సూడరాదా? ఎంత సుకంగా ఎల్తాదో" అంది.

"నాకక్కర్లేదు."

"మీకు బండక్కర్లేదు. అన్నయ్యకి లేకుండా పోతే సాలు."

విజయనగరంలో కిట్లు బిగించే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అతను రెండు రకాల బ్యాటరీలు చూపించాడు. చిన్నది సైకిల్ నడుమ గొట్టానికి బిగుస్తుంది. పెద్దది పెట్టెలా ఉండి క్యారియర్ మీద కూర్చుంటుంది. చిన్నది మా బావ బండిలో ఉన్నటువంటిదే.

"ఒకసారి ఛార్జి పెడితే ఏది ఎక్కువ దూరం పోతుంది?"

"పెద్దదేనండి. మీకంత అవసరం లేదు గానీ."

"ఆ కొత్త కంపెనీ బండ్లకంటే ఎక్కువ పోతుందా?"

"పోతాదండి."

ఇంకేం ఆలోచించలేదు. పెద్దదే బిగించమన్నాను. చక్రం కొలిచాను, దాని చువ్వలు బిగువుగా ఉన్నాయో లేదో చూశాను, తీగలు ఎటునుంచి పోవాలో కాగితం మీద గీసిచ్చాను. మనసులో మాత్రం ఒకటే బొమ్మ: దారి మధ్యలో బ్యాటరీ అయిపోయి బావ దిగి నడుస్తుంటాడు, నేను పక్కనుంచి పోతూ పలకరిస్తాను.

శనివారం కొత్త చక్రానికి పసుపు రాసి, బంతిపూలు కట్టాను. మా ఆవిడ లోపలి గదిలోంచి హార్మోనియం తెచ్చి అరుగు మీద పెట్టింది. సైకిల్ వైపు చూసింది. నావైపు చూసింది.

"మరి పెట్టెక్కడెడతారు?"

క్యారియర్ నిండా బ్యాటరీ ఉంది. దాని మీద హార్మోనియం ఎక్కించి చూశాను. నా భుజాలంత ఎత్తుకు వచ్చింది. తాడు ఎలా కట్టినా ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఇంతలో బావ వచ్చాడు. బండి దిగకుండానే కాసేపు చూశాడు.

"ఏటి బావా, కరెంటుకి సోటిచ్చి సరస్పతిని దించీసినావేటి?"

నేను తాడు విప్పి మళ్ళీ కట్టాను.

"ఇటియ్యి. నా బండికి కడతాను."

"అక్కర్లేదు" అన్నాను. తాళం తిప్పి బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టాను. క్యారియర్ మీద హార్మోనియం కట్టుకుని తొక్కడం మొదలుపెట్టాను. మోటారు చక్రం బ్యాటరీ లేకపోతే వట్టి బరువే. పాత సైకిలే దూదిలా ఉండేదనిపించింది. బావ పక్కనే మెల్లగా వస్తున్నాడు.

"మోటారుకి షికారు బాగున్నాదా?" అన్నాడు.

సగం దారిలో కుడి మోకాలు పట్టేసింది. దిగి నిలబడ్డాను. బావ నవ్వడం మానేశాడు. బండికి స్టాండ్ వేసి వచ్చి, నేను కట్టిన తాడు తనే విప్పాడు. ఈసారి నేను అడ్డు చెప్పలేదు. అతని క్యారియర్ సన్నదే, అయినా పెట్టె దాని మీద బాగానే కూర్చుంది. సరిపోదని డైరీలో రాసుకున్నది కొలవకుండానే.

"నువ్వు నెమ్మదిగా రా బావా. టయిమైపోతన్నాది" అని వెళ్ళిపోయాడు.

నేను చేరేసరికి భజన మొదలైంది. మండపం బయటికే హార్మోనియం వినిపిస్తోంది. బావ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. నన్ను చూసి కొంచెం జరిగి, "రా, కూకో" అన్నాడు. పెద్దాయన నావైపు చూశాడే గాని, రమ్మనలేదు. పద్ధతి పద్ధతే. నేను చివర కూర్చుని తాళాలు అందుకున్నాను. ఒక్క తప్పు స్వరం పడుతుందేమోనని హారతి దాకా చెవి ఒగ్గి విన్నాను. పడలేదు. పాడేవాళ్ళు ఎప్పుడూ లేనంత గొంతు విప్పి పాడుతున్నారు. నేను వాయించేటప్పుడు వాళ్ళెందుకు అలా పాడలేదో ఆలోచించకుండా ఉండాలని తాళం గట్టిగా వేశాను.

హార్మోనియం ఆ రాత్రి బావ ఇంటికే వెళ్ళింది.

సోమవారం విజయనగరం వెళ్ళి పెద్ద బ్యాటరీ మార్పించి చిన్నది పెట్టించుకున్నాను. ఇప్పుడు నా క్యారియర్ ఖాళీగా ఉంది. పెట్టె తిరిగి ఇచ్చేయమని బావని అడగాలి. అడిగితే ఇస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే అడగలేకపోతున్నాను. అతనే బలవంతంగా ఉంచేసుకుంటే పోట్లాడవచ్చు.

మొన్న శనివారం ఇద్దరం కలిసే బయల్దేరాం. బావ ముందు, వెనక నేను. మోటారు పిడి కొంచెం తిప్పితే అతన్ని దాటిపోగలను. పెట్టె లేకుండా ముందు చేరి మండపంలో నేను చేసేదేముంది? దాటలేదు. బావ కట్టిన ముడి గతుకుల్లో ఎక్కడైనా వదులవుతుందేమోనని చూస్తూ రామతీర్థం దాకా వెనకాలే వెళ్ళాను. ముడి గట్టిగానే ఉంది.