రాక్షసి వండిన గటక

కథలు అల్లడంలో నాకు పేరుంది. సంతలో నన్ను చూస్తే సగం మంది నవ్వుతారు, సగం మంది తప్పుకుంటారు. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం రాక్షసి ఒక్కతే నా కల్పన.

ఊళ్లు తగలబడుతున్న ఆ రోజుల్లో, సూర్యాపేట పక్కనున్న మా ఊరు వదిలి, దాడి మూకలు రాలేని మునగాల పొలిమేర దాటి తాటాకు గుడిసెల్లో తలదాచుకున్నాం. నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. పక్క గుడిసెలో కోదాడ నుంచి ఎడ్లబండి తోలుకొచ్చిన బండాయన, ఆయన భార్య. వాళ్ల చూరు కింద ఒక ముసలమ్మ. మిర్యాలగూడ అవతల ఆమె ఊరట. కొడుకును, కోడలిని కళ్ల ముందే పోగొట్టుకుందట. మాట లేదు. గంజి పోసినా ముట్టదు.

"ఇట్టాగే ఉంటే దక్కదయ్యా. ఎప్పుడూ వాగుతుంటావుగా, ఇప్పుడు ఏదైనా చెప్పు" అన్నాడు బండాయన.

పొద్దుగూకుతుండగా మొదలుపెట్టాను. కొండ మీద ఒక రాక్షసి. మనుషులను తినడం మానేసింది. ఒంటరిగా తింటే ఏదీ రుచించడం లేదట. దారి తప్పినవాళ్లను పిలిచి జొన్నరవ్వ ఉడికించి గటక వండిపెడుతుంది. ఒకటే షరతు: తినేముందు పక్కవాళ్లను అన్నా, అక్కా అని వరస పెట్టి పిలవాలి. వరస లేకపోతే కలుపుకోవాలి.

ఊ కొట్టకపోతే కథ నడవదు, అది మా ఆనవాయితీ. గుడిసెలన్నీ ఊ కొడుతున్నాయి. సగంలో ఆపేశాను.

"మీ ఊ నాకొద్దు. ఆ అవ్వ అంటేనే ఇగ కథ."

"పెద్దామెను ఎందుకయ్యా ఏడిపిస్తావు?" అంది బండాయన భార్య.

"నేనేం జెయ్యాలె అక్కా? రాక్షసి గిన్నె పట్టుకొని నిలబడ్డది. అవ్వ ఊ అనకుంటే దించదు."

ఎవరూ లేవలేదు. ఆమె పలకకపోతే ఈ కథను ఎటు తిప్పాలో నాకు తెలియదు.

"ఊ" అంది ముసలమ్మ, ఎండిన గొంతుతో. "దించమను. సెయ్యి గుంజుతలేదా దానికి?"

"ముందు పక్కోణ్ని వరస పెట్టి పిలవాలె అవ్వా."

నన్ను ఎగాదిగా చూసింది. "నీకు తల్లి లేదా?"

"లేదు."

"గందుకే గిట్ల తయారైనవ్, కొడుకా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. బండాయన భార్య గటక గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. ముసలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకొని ఏడ్చింది. ఏడుస్తూనే తిన్నది.

కాలం కొంచెం కుదుటపడ్డాక బండాయన మమ్మల్ని బండెక్కించి బయలుదేరాడు. దారులు చీలిన చోట ఎడ్లను ఆపి ముసలమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, మిర్యాలగూడ దారి ఇది. అటు తోలమంటావా?"

ఆమె ఆ దారి వైపు చాలాసేపు చూసింది.

"ఆడ ఎవరున్నరు తమ్ముడా? గీ కొడుకు ఇంటికి తోలు."

నేను బండి దిగి, మా ఊరు కనబడేదాకా ఎడ్ల పక్కనే తల వంచుకొని నడిచాను.