ఉల్టా వేసిన పళ్ళచక్రాలు

మొన్న మా తమ్ముని బిడ్డ తన కాలేజీ పోటీకి చేసిన రోబోను ఫోన్‌ల చూపిస్తుంటే, చక్రాల నడుమ తిరిగే సన్నని గొలుసును చూసి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఏ పళ్ళచక్రం ఎక్కడ వెయ్యాల్నో కంప్యూటరే చెప్తదట. మాకు చెప్పింది మాత్రం నల్గొండల సైకిళ్ళు బాగుచేసే ఒక చాచా.

తొంభైల మొదట్ల నేను అక్కడ మెకానికల్ డిప్లొమా చదువుతున్న. క్లాసు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆడపిల్లకు ఇనుపపని ఎందుకని మా పెదనాయిన ఎంత మొత్తుకున్నా, మా బాపు వినకుండ చేర్పిచ్చిండు. అప్పుడు మహబూబ్‌నగర్‌ల విద్యార్థులకు ఒక పోటీ పెట్టిన్రు: మనిషి ముట్టకుండ నడిచే బండి, ఇసుక మూట మోసుకుంట చెక్క ఏటవాలు ఎక్కాలె. ముందు ఇక్కడ ఎక్కించి చూపిస్తేనే పంపుతనని మా సారు ఖరాఖండిగ చెప్పిండు. పోకపోతే పెదనాయిన మాటే నిలుస్తదని నాకు ఒకటే ఫికర్.

మేం నలుగురం కలిసి, నార్కట్‌పల్లిల పాత లారీ నుంచి విప్పిన వైపర్ మోటారు ఒకటి, సైకిల్ గొలుసు ఒకటి సంపాయించినం. సైకిళ్ళ మీద పెరిగినోళ్ళం గదా, అచ్చం సైకిల్‌కు ఉన్నట్టే పెడల్ కాడి పెద్ద పళ్ళచక్రాన్ని మోటారుకు, వెనకటి చిన్నదాన్ని బండి ఇరుసుకు బిగించినం. నేల మీద గుర్రమోలె ఉరికింది. మూట పెట్టి ఏటవాలు ఎక్కిస్తే మాత్రం మూరెడు పోయి, మూల్గి, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. మూడు రోజులు ఆ మోటారును తిట్టని తిట్టు లేదు.

ఆఖరికి గొలుసు సుత తెగింది. అతికిచ్చుకోనీకి బండిని దుకాణానికి పట్టుకపోతే, చాచా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి పకపక నవ్విండు. "అరె బేటీ, సైకిల్ తొక్కేటోని కాళ్ళల్ల బలముంటది, గందుకే వానికి ఉరుకుడు కావాలె. గీ మోటారుకు బలమే లేకపాయె, ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది? జర ఉల్టా ఎయ్యిండ్రి." అదే లెక్క పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, సిగ్గుతో చచ్చిపోయిన! ఆయనే చిన్న చక్రాన్ని మోటారుకు, పెద్దదాన్ని ఇరుసుకు మార్చి, గొలుసుల తెగిన లంకె తీసి అతికిచ్చి, బొటనవేలుతో ఒత్తి బిగువు చూసిండు. అబ్బ, ఏం పనితనం! కొలబద్ద ముట్టింది లేదు, కాగితం మీద గీత గీసింది లేదు. అసొంటి చెయ్యి నేను మళ్ళ చూడలేదు.

బండి నత్తోలె నడిచింది గానీ, మూటతోని పైకెక్కింది. సారు ముందటా ఎక్కింది, మహబూబ్‌నగర్‌లనూ ఎక్కింది. రెండో బహుమతి వచ్చింది. బాపు ఆ దినం ఊరంతా తలెత్తుకొని తిరిగిండు. వేదిక మీద ఒక పెద్దమనిషి ఈ గొలుసు ఆలోచన ఎవరిదని అడిగితే, నేనే ముందుకు పోయి నాదే అన్న. ఎందుకన్ననో! పెదనాయిన చెవిన పడాలని కావచ్చు.

మర్నాడు సర్టిఫికెట్ పట్టుకపోయి చాచాకు చూపించిన. ఆయనకు తెలుగు చదవరాదు. నా పేరు ఎక్కడుందో అడిగి, నూనె అంటకుండ చెయ్యి తుడుచుకొని అక్కడ వేలు పెట్టి, షాబాష్ అనుకుంట దుకాణానికొచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిండు. తన పేరుందా అని అడగనే లేదు.

ఇప్పటి పిల్లలు నయం, బోల్టు ఇచ్చినోళ్ళ పేరు సుత బండి మీద రాస్తున్నరు. ఇన్నేండ్లకు నేనూ ఆ సర్టిఫికెట్ వెనక ఆయన పేరు రాద్దామని కలం పట్టుకొని కూసున్న. మూడేండ్లు చాచా, చాచా అని పిలిచిన గానీ, ఆయన పేరేందో ఒక్కనాడూ అడగలేదు.