ఎర్ర పెట్టె మింగిన తుమ్మచెట్టు

మా చిన్నప్పుడు కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం... గుడిలోకి వెళ్లినట్టే. శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద, విత్తనాల దుకాణం పైన మా కంప్యూటర్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, గుమ్మం బయట చెప్పుల కుప్ప. చెప్పుల దుమ్ముతోనే వైరస్ వస్తుందని పిల్లలమంతా గట్టిగా నమ్మేవాళ్లం. నవ్వకండి... ఆ రోజుల్లో మీరూ నమ్మే ఉంటారు.

సార్‌ది కోస్తా. రోజూ ఒకటే హెచ్చరిక. "తెర మీద ఎర్ర పెట్టె వచ్చిందంటే ఏమీ నొక్కకండమ్మా. చెయ్యెత్తండి, నేను వచ్చి చూస్తాను."

నా పక్క కుర్చీ సుజాతది. తొమ్మిదో తరగతిలో బెంచీ కూడా ఇద్దరిదీ ఒకటే. వాళ్ల ఊరు విమానాశ్రయం కిందికి పోయే ఊళ్లలో ఒకటి. ఇళ్లు ఖాళీ చెయ్యమని నోటీసులు అప్పటికే వచ్చేశాయి.

మేమంతా కార్ల ఆటలు ఆడుకుంటుంటే సుజాత మాత్రం ఎక్సెల్ షీటు తెరిచి గళ్లకు రంగులు వేసేది. పచ్చ గడి వరిమడి, ఎర్ర గడి వాన మీదే పండే చెల్క, నీలం గడి బావి, దాని పక్కన పసుపు గడి తుమ్మచెట్టు. నల్లచుక్క వాళ్ల బర్రె. బాణం మీటలు నొక్కితే బర్రె గట్ల మీదుగా నడిచి, బావి దగ్గర నీళ్లు తాగి ఇంటికి రావాలి. ఎవరి పొలంలోనైనా పడిందా... "ఎవని బర్రెరా ఇది!" అని తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తిట్టు పడేది! సార్ నేర్పిన మ్యాక్రోలతో, అంటే షీటులోనే రాసిపెట్టే చిన్న చిన్న ఆజ్ఞలతో, అంతా తనే చేసింది.

ఒక వానరోజు వాళ్ల బాపు గొంగడి కప్పుకొని సుజాతను తీసుకుపోవడానికి వచ్చాడు. చెప్పులు విప్పి, గుమ్మంలోని గోనెసంచికి కాళ్లు రెండుసార్లు తుడుచుకొని లోపలికొచ్చాడు. సుజాత ఆట చూపించింది. ఆయన తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"గీ తుమ్మచెట్టు గీడ లేదు బిడ్డా. బావికి గా పక్కకుంటది."

"ఏ పక్కకుంటేంది బాపూ, ఆటనే గదా!"

"ఆట గాదే. రేపు ఎవలన్నా అడిగితే ఏం జెప్తవ్?"

సుజాత చెట్టును జరిపింది. "ఇగ మంచిగుంది... గిప్పుడు మన ఊరే" అన్నాడాయన.

మర్నాడే దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించుకోవాలి. ఆ వారమే వాళ్లు కందుకూరు దిక్కు చుట్టాల ఊరికి వెళ్లిపోతున్నారు. ఫ్లాపీ అడగడానికి సుజాత సార్ బల్ల దగ్గరికి వెళ్లింది. వాన ఇంకా పడుతూనే ఉంది. కొత్త చెప్పులు తడుస్తాయని ఆ రోజు నేను బయట విప్పలేదు... వేసుకొనే వచ్చి కుర్చీ కింద దాచుకున్నాను.

అది యాంటీవైరస్ కంప్యూటర్లన్నిటినీ జల్లెడ పట్టే రోజు. సుజాత తెర మీద ఎర్ర పెట్టె లేచింది! మాకొచ్చిన ఇంగ్లీషుకు అర్థమయ్యేవి రెండే ముక్కలు... వైరస్, డిలీట్.

నా చెప్పులే తెచ్చాయనుకున్నాను. అన్నిటికీ అంటుకుంటుందేమో, సార్ చూస్తే ఇక సెంటర్‌కు రానివ్వరేమో... చెయ్యెత్తలేదు. డిలీట్ నొక్కేశాను.

సుజాత ఫ్లాపీతో వచ్చి వెతికింది. ఏడుస్తూ చెప్పాను. సార్ కూడా చాలాసేపు వెతికారు. "ఇది వైరస్ కాదమ్మా. మ్యాక్రోలు కనిపిస్తే అది అలాగే అరుస్తుంది. చెయ్యెత్తి ఉంటే ఉంచేవాణ్ణి కదా..." అన్నారు.

సుజాత తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "పోనీ తియ్యే... ఊరే పోతుంటే ఆటెంత..." అని ఆ ఖాళీ ఫ్లాపీని బ్యాగులో పెట్టుకొని వెళ్లిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా అబ్బాయి లాప్‌టాప్‌లో ఏదో ఆట ఎక్కిస్తుంటే కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డం వచ్చి, రానివ్వాలా అని అడిగింది. వాడు చదవకుండానే సరేనని నొక్కాడు. ఆ ఆట మైకు అడిగింది, కెమెరా అడిగింది, మేమెక్కడ ఉన్నామో అడిగింది. పేరున్న కంపెనీదట... యాంటీవైరస్ కిక్కురుమంటే ఒట్టు!

నాకు ఒళ్లు మండింది. ఒక రైతు బిడ్డ తన ఊరి గట్లు తను గీసుకుంటే అది అనుమానం. ఇంట్లో దూరి అన్నీ తోడుకుపోయేది నమ్మకం. "భద్రత కోసమే కదా" అంటారు కొందరు మిత్రులు. ఎవరి భద్రతండీ? భూములు తీసుకున్నప్పుడూ ఇదే వరస కాదా? కాగితం పట్టుకొచ్చినవాడికి తలుపులు బార్లా తెరిచి, తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాణ్ణి నువ్వెవరని అడగలేదా?

అభివృద్ధికి అడ్డమంటూ కామెంట్లలో దూకేవాళ్లకు ముందే చెప్తున్నా... నేనూ విమానం ఎక్కుతాను. ఎక్కిన ప్రతిసారీ కిటికీకి ముఖం ఆనించి కిందికి చూస్తాను. ఒక పచ్చ గడి, ఒక నీలం గడి కనిపిస్తాయేమోనని. ఉండవని తెలుసు... అయినా చూస్తాను.

ఇంత అరిచి ఒక నిజం దాస్తే నాకూ ఆ కాగితం పట్టుకొచ్చినవాళ్లకూ తేడా లేదు. ఆ యంత్రం అడిగిందంతే. నొక్కింది నేను.

సుజాతా... నువ్వు మళ్లీ కనపడలేదు. ఈమధ్య ఆ ఆటను గుర్తున్నంత మటుకు మళ్లీ తయారు చేస్తున్నాను. గట్లు వేశాను, బర్రెను పెట్టాను, ఆ తిట్టు కూడా రాశాను. తుమ్మచెట్టు దగ్గర ఆగిపోయాను. మీ బాపు ఏ పక్కకు జరపమన్నాడే? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు... ఎక్కడున్నా ఒక్కమాట చెప్పవే.

మీలో ఎవరికైనా ఆ పోయిన ఊళ్ల బావులు, చెట్లు, గట్లు గుర్తుంటే కింద రాయండి. చిన్నదైనా సరే, ఏ పక్కన ఉండేదో కూడా రాయండి...

రేపు ఎవలన్నా అడిగితే ఏం చెప్తాం?