చూపుతో అంటని కళ్ళకలక

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో అక్షరం అబద్ధం ఉన్నా, ఈ నోటికి జన్మలో మళ్ళీ పులస ముక్క తగలకూడదు. గోదారి ఒడ్డున పుట్టినవాడు ఇంతకన్నా పెద్ద ఒట్టు వేయలేడు కాబట్టి నమ్మి వినండి.

తొంభైల మొదట్లో మా తాతయ్యకి రాజమండ్రిలో కంటి శుక్లం ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చారు. రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఆ ఒక్క కంటికీ ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఆయన నడింట్లో మంచం మీద కూర్చునేవాడు. సరిగ్గా ఆ వారమే ఊళ్ళోకి కళ్ళకలక దిగింది. మా బళ్ళో సగం బెంచీలు ఖాళీ. డ్రిల్లు మాస్టారి కళ్ళు ఎంత ఎర్రబడ్డాయంటే, ఆయన రోడ్డెక్కితే ఎర్రజెండా అనుకుని బస్సులు ఆగిపోయేవి.

అది చూపుతో అంటుకుంటుందని మా ఊరంతా గట్టి నమ్మకం. వచ్చినవాళ్ళు నల్లద్దాలు పెట్టుకునేవారు, రానివాళ్ళం తల దించుకుని నడిచేవాళ్ళం. నేనైతే బడి నుంచి ఇంటిదాకా కళ్ళు మూసుకుని, కాలవ వాసన పట్టుకుని వచ్చేసేవాణ్ణి. రాగానే దండెం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తాతయ్య కంట్లో వేసే చుక్కల సీసా పరుగున తెచ్చిచ్చేవాణ్ణి. ఆ తువ్వాలు ఇంటిల్లిపాదికీ ఒక్కటే.

ఇది చేతులతో, గుడ్డలతో పాకుతుందని, తాతయ్యకి సోకితే ఆ కన్ను కూడా దక్కకపోవచ్చని డాక్టరుగారు మా నాయనమ్మకి చెప్పి పంపారు. ఆవిడ చెబితే ఎవరు వింటారు?

"చూపుతో వచ్చేదానికి తువ్వాలేం చేసిందే అమ్మా, పాపం!" అని మా బాబాయి పగలబడి నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే నాయనమ్మ నా కుడి అరచేతికి పొడి పసుపు రాసి, మళ్ళీ తనే చెంగుతో దులిపేసింది. చూస్తే ఏమీ లేదు. "చెయ్యి కడగాలంటే నీకు బద్ధకం కదా, అన్నాల వేళదాకా కడక్కు, పో" అంది. నాకంతకన్నా ఏం కావాలి?

మధ్యాహ్నం తన తాంబూలం సున్నం చెంబెడు నీళ్ళలో కలిపి, తెల్లగుడ్డ ముంచి పిండి, అందర్నీ పిలిచింది. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని హారతి నీళ్ళు కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. కానీ ఆవేళ తలుపు గడియ తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. నీళ్ళబిందె అంచు తుడిస్తే ఎరుపు. రేడియో మీట తుడిస్తే ఎరుపు. బాబాయి దువ్వెన కూడా.

"నా దువ్వెనతో నీకేం పనిరా?"

"నీలాగా పాపిడి తీద్దామని, బాబాయ్."

తువ్వాలుకైతే నాలుగు చోట్ల మరకలు తేలాయి. చివరికి నాయనమ్మ, ఆ తువ్వాలుతోనే చెమట తుడుచుకున్న బాబాయి మెడ తుడిచింది. పసుపు ముట్టని మనిషి మెడ ఎర్రగా అయింది. బాబాయి మరి నవ్వలేదు. నేను వెళ్ళని చోటికి కూడా నా చెయ్యి వెళ్ళి వచ్చిందని తెలిసి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆఖరున ఆవిడ చుక్కల సీసా మూత తుడిచింది. అదీ ఎర్రబడింది.

"ఏంటే, అందరూ ఒక్కసారి ఊరుకున్నారేంటి?" అన్నాడు తాతయ్య.

ఆ సాయంత్రానికే మనిషికో తువ్వాలు వచ్చింది. గుమ్మం దగ్గర సబ్బు, నీళ్ళు పెట్టారు. ఆ సీసా పారేసి కొత్తది తెప్పించి, నాయనమ్మ తప్ప ఎవరూ ముట్టకూడదన్నారు. బుధవారం నా కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను వసారా గదిలో వేరుగా ఉంచారు. ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. నెల తిరిగి కట్టు విప్పాక తాతయ్య నన్ను ఎగాదిగా చూసి, "ఇంత నల్లగా ఉన్నావేంట్రా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ మాటకి నాయనమ్మ ఏడ్చేసింది.

ఇప్పటికీ బయటి నుంచి వస్తే చేతులు కడక్కుండా ఇంట్లో దేన్నీ ముట్టుకోను. శుభ్రంగా కనబడే చేతినే ఎక్కువ అనుమానిస్తాను.

ఇక ఒకటి ఒప్పుకోవాలి. బస్సులూ, కాలవ వాసనా మీరు ఎలాగూ నమ్మి ఉండరు. నేను కల్పించింది సీసా మూత సంగతి. నాయనమ్మ ఆ మూత తుడవలేదు. కంటి మందుకి సున్నం తగలకూడదని కాబోలు, గుడ్డ పక్కన పెట్టి, నా వైపు తిరిగి, "దీన్ని ముట్టావా?" అంది.

అబద్ధాలకి ఆ ఇంట్లో నా తరవాతే ఎవరైనా. అయినా ఆ పూట "ముట్టాను" అన్నాను.