నాయన చెయ్యి పెట్టి చూసిన హార్డ్ డిస్కు

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరమీద చిన్న హెచ్చరిక ఒకటి వచ్చింది. లోపలి డిస్కు పాతబడింది, ముఖ్యమైనవి వేరేచోట దాచుకోండి అని. తర్వాత చూద్దాంలే అనుకుని అమ్మాయి దాన్ని పక్కకు నెట్టేసింది గానీ, నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో కొలువు మొదలుపెట్టిన నా ఈడువాళ్ళకు తెలుసు, అప్పట్లో ఇలా మర్యాదగా ముందే చెప్పే ఏర్పాటేదీ లేదు.

నేను చేరింది ఇక్కడే పుదుచ్చేరిలో, జననమరణాల రిజిస్టర్లుండే ఒక ఆఫీసులో. పట్టుకుంటే అంచులు రాలే ఆ పాత పుస్తకాలు చూసి, ఇనీషియళ్ళతో సహా ఒక్కొక్క పేరే కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. అలా రెండేళ్ళు టైపు చేశాను. తిప్పుతూ ఉండగానే పొడైపోయిన పేజీలు ఎన్నో. వాటిలోని సంగతులు ఇక ఆ పెట్టెలోని హార్డ్ డిస్కులో తప్ప లోకంలో మరెక్కడా లేవు.

మా నాయన ముత్తియాల్‌పేట నుంచి రోజూ సైకిలు మీద నాకు అన్నం క్యారియర్ తెచ్చేవాడు. ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో యంత్రాలు బాగుచేసి, ఆ రొదకు చెవులు రెండూ దాదాపు పోగొట్టుకుని రిటైరైన మనిషి. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని వచ్చే ఆయన్ని మా నాయన అని చెప్పుకోవడానికి, ఇప్పుడైనా ఒప్పుకోవాలి, నాకు సిగ్గుగా ఉండేది. క్యారియర్ వరండాలోనే అందుకుని పంపేసేదాన్ని. ఒకనాడు వాన జోరుగా పడుతుంటే తప్పక లోపలికి పిలిచి నా పక్కన కూర్చోబెట్టాను. ఆయన ఊరికే ఉండలేక కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండిపోయాడు.

“ఏందిమ్మా ఇది, లోపల కొట్టుకుంటా ఉండాది? ఇది శానా దినాలు తాంగదు,” అన్నాడు, వినపడనివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా. మా ఇళ్ళ తెలుగులో తాంగదంటే ఇక ఓర్చుకోలేదని. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నేనూ నవ్వేసి, గొడుగు చేతికిచ్చి పంపేశాను.

ఆయన వెళ్ళాక పెట్టెకు చెవి ఆనిస్తే నిజంగానే టిక్కుమని ఒక చప్పుడు, కాస్త ఆగి మళ్ళీ ఒకటి. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి: ఫైలు తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం, ఉన్నట్టుండి బిగుసుకుపోయి మళ్ళీ కదిలే తెర, అర్థంలేని గుర్తులుగా మారిపోయిన రెండు మూడు పేర్లు. అవన్నీ నా వేళ్ళ పొరపాట్లే అనుకుంటూ వచ్చాను. అయినా నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. మిల్లులో పనిచేసిన మా నాయన చెప్పాడని ఎలా చెప్పను?

అయిదో రోజున, అనుమానం నాదే అయినట్టు మా ఆఫీసరుగారికి చెప్పాను. ఆయనది యానాం, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. “పని చేస్తున్న వస్తువుని మార్చమని ఎలా రాయనమ్మా? పూర్తిగా పోయిందంటేనే కొత్తదిస్తారు. మన రూలు అలా ఏడ్చింది మరి,” అన్నారు. చేసేదేమీ లేక దొరికిన ఫ్లాపీల మీదకు కొద్దికొద్దిగా ఎక్కించడం మొదలుపెట్టాను.

ఒక ఉదయం కంప్యూటర్ లేవనేలేదు. మూడోసారికి లేచిందిగానీ, నాకు ఏడుపు ఆగలేదు. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన నాయన నా మొహం చూసి, పిలవకుండానే లోపలికి వచ్చేశాడు. ఆఫీసరుగారూ వచ్చారు. అప్పుడు చెప్పేశాను, ఈ మాట మొదట అన్నది మా నాయనండీ, నేను కాదు అని. ఆయన నాయనను ఏదో అడిగారు; నాయనకు వినపడలేదు. జవాబుగా ఆఫీసరుగారి చెయ్యి పట్టుకుని పెట్టె మీద పెట్టాడు. ఇద్దరూ అలా నిలబడ్డారు.

“మిల్లులో ఇట్టా కొట్టుకుంటే ఆ పొద్దే మార్చేస్తాము సార్. ఇరిగేదాకా యాడ చూస్తాం?” అన్నాడు నాయన.

ఆఫీసరుగారు తన కుర్చీలోకి వెళ్ళి, సదరు హార్డ్ డిస్కు పనిచేయుట లేదు అని రాసి, రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టారు. సర్వీసంతటిలో ఒక్క అబద్ధపు అక్షరం రాయని మనిషి రాస్తుంటే, నా పక్కన అది ఇంకా టిక్కుటిక్కుమంటూనే ఉంది.

వారానికి కొత్తది వచ్చింది. అన్నీ అందులోకి చేరాయి, పుస్తకంలో పేజీలు పొడైపోయిన ఒక్క నాలుగు నెలల మరణాలు తప్ప. అవి మిగిలి ఉండగానే పాతది శాశ్వతంగా ఆగిపోయింది. నేను నోరు మెదపని ఆ నాలుగు రోజులు కలిసొచ్చి ఉంటే అవీ దక్కేవి. ఈ మాట ఆఫీసరుగారూ అనలేదు, నాయనా అనలేదు. కురుచికుప్పం నుంచి ఒక పెద్దావిడ, ఎన్నో ఏళ్ళ కిందట ఆ నెలల్లోనే పోయిన తన భర్త మరణ పత్రం కోసం వచ్చేది. శ్మశానం పుస్తకంలో వెతికించి ఇచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఖాళీ చేపలగంప పక్కన పెట్టుకుని వరండాలో కూర్చున్న ఆమెను చూసినప్పుడల్లా తల వంచుకునేదాన్ని.

ఆ తర్వాత నాయన రోజూ లోపలికే వచ్చేవాడు, ఆఫీసరుగారు తనే కుర్చీ జరిపేవారు. కొన్నేళ్ళకు నాయన పోయినప్పుడు ఆ నమోదు నేనే టైపు చేశాను.

ఇప్పుడా రికార్డులన్నీ ఏదో ఊళ్ళో పెద్ద పెద్ద యంత్రాల్లో ఉన్నాయట, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందట. పత్రం కావాలంటే ఫోనులోనే నిమిషంలో వచ్చేస్తుంది. ఎవరూ గంప పెట్టుకుని వరండాలో కూర్చోనక్కర్లేదు, మంచిదే. కానీ ఆ యంత్రాల పక్కన ఎవరుంటారో నాకు తెలియదు. తెలిసి కూడా సిగ్గుపడి నాలుగు రోజులు ఊరుకునే నాలాంటివాళ్ళు అక్కడ ఉండకపోవచ్చు. మా నాయనలాంటివాళ్ళూ ఉండరు.